దుంపకూ దుంపకూ మధ్య దూరం

మే నెల మధ్యాహ్నం బెజవాడలో 220 డిగ్రీల ఓవెన్ వెలిగించే మనిషికి ఒక పౌర సన్మానమైనా చేయాలి, మంచి వైద్యుడి చిరునామా అయినా ఇవ్వాలి. నాకు రెండూ జరగలేదు కనుక ఈ వ్యాసం రాస్తున్నాను. ఓవెన్‌ను ముందుగా వేడి చేసుకోవాలని వంటలు చెప్పేవాళ్లందరూ నొక్కి చెబుతారు. మా ఊళ్లో ఆ పని మార్చి నుంచే సూర్యుడు చూసుకుంటున్నాడు.

నూనె తగ్గించమని డాక్టరు అన్న ఒక్క మాటకు మా ఇంట్లో మూకుడు అటకెక్కింది, ఓవెన్ కిందికి దిగింది. సాయంత్రం బజ్జీల స్థానంలో ‘పొటాటో వెడ్జెస్’ వస్తాయని ప్రకటించాను. దుంపను చెక్కు తీయకుండా, నిలువుగా ఎనిమిది చీలికలుగా కోస్తే వాటిని వెడ్జెస్ అంటారు. ఇదే కోత కొత్తగా పెళ్లయిన రోజుల్లో మా ఆవిడ కోస్తే మా అమ్మ, “ఇంత లావు ముక్కలా? చెక్కు కూడా తీయలేదేం?” అని వారం రోజులు దెప్పింది. ఆనాడు తప్పయినదల్లా ఈనాడు వంటకమైంది. మా ఆవిడ ఆ విషయం మరచిపోలేదని ఆమె చూపులో తెలిసింది.

శాస్త్రం విషయంలో నేను ఎక్కడా రాజీ పడలేదు. కోసిన ముక్కలను అరగంట నీళ్లలో నానబెట్టి, పైన అంటుకున్న పిండి పోయేలా కడిగాను. తరువాత చిటికెడు వంటసోడా, ఉప్పు వేసిన నీళ్లలో కొద్దిగా ఉడకనిచ్చాను. సోడా వల్ల ముక్క పైపొర మెత్తబడి గరుకుగా లేస్తుంది. ఆ గరుకే ఓవెన్‌లో కరకరలాడే పెంకు అవుతుంది. ఆ తరువాత గుడ్డ మీద ఆరబోసి, రెండు చెంచాల వేరుశనగ నూనె పట్టించాను. ఆ రంగు, ఆ వాసన ఎలా వస్తాయో 1912లో మైయార్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త వివరించాడు. మన పూర్వులకు అంతకు ముందే తెలుసని నేను అనను. వాళ్ల దగ్గర ‘దోరగా’ అనే మాట ఉండేది, అంతే.

అసలు చిక్కు ట్రే దగ్గర వచ్చింది. దుంపలో నూటికి 80 పాళ్లు నీరే. ఓవెన్ చేసేదల్లా వేడిగాలితో ఆ నీటిని తరిమేయడం. కాబట్టి ముక్కకూ ముక్కకూ మధ్య వేలెడు ఖాళీ ఉండాలి. ఆనించి పెడితే ఒకరి ఆవిరి పక్కవారి మీద పడుతుంది, పక్కవారిది వీరి మీద. అందరూ ఉడుకుతారు, ఎవరూ వేగరు.

ఇక్కడే బెజవాడ సంస్కృతికీ వెడ్జెస్‌కూ చుక్కెదురు. ఖాళీ జాగా కనిపిస్తే మా ప్రాణం ఊరుకోదు. బీసెంట్ రోడ్డులో రెండడుగుల కాలిబాట ఖాళీగా ఉంటే సాయంత్రానికి అక్కడ ఒక బట్టల దుకాణం వెలుస్తుంది. అపార్టుమెంట్లు ఎంత దగ్గరగా కట్టుకుంటామంటే, పక్కింటి కుక్కరు కూతలు లెక్కపెట్టి మన స్టవ్ కట్టేస్తాం. బెంజి సర్కిల్ దగ్గర షేర్ ఆటో ఎక్కినవారికి ఇంకా బాగా తెలుసు. ముగ్గురు పట్టే సీటులో అయిదుగురు కూర్చున్నాక డ్రైవరు వెనక్కి తిరిగి “కొంచెం సర్దుకోండి సార్” అంటాడు. ఆ ఆటోలోంచి ఎవరైనా కరకరలాడుతూ దిగడం నేను చూడలేదు.

మా ట్రేలో మర్యాదగా పేరిస్తే అరకిలో ముక్కలు పడతాయి. ఇంట్లో ఆరుగురం. అంటే మూడు వాయిలు, వాయికి నలభై నిమిషాలు. ఈ లెక్క చెప్పగానే, “ఒరే, రెండు గంటల్లో నేను ఊరందరికీ బజ్జీలు వేస్తాను” అంది మా అమ్మ. వాస్తవమే. 1500 వాట్ల ఓవెన్ ఆగకుండా రెండు గంటలు కాలితే మూడు యూనిట్లు. వంటిల్లు చల్లబడడానికి నడిచే ఏసీ ఖర్చు దీనికి అదనం. ఇంత చేసి ఆదా అయ్యే నూనె సంగతి కూడా చెప్పాలి. ఆ ముక్కలు ముంచుకోవడానికి మా అబ్బాయి తెచ్చిన మయొనైజ్‌లో సింహభాగం నూనే. నేను సీసా మీద చిన్న అక్షరాలు చదివి, కళ్లజోడు తీసేసి, ఊరుకున్నాను.

మధ్యలో ఒకసారి తలుపు తెరిచి ఆవిరి వదలడం మంచిదంటారు. వరదకు ప్రకాశం బ్యారేజీ 70 గేట్లూ ఎత్తినట్లు తెరిచాను. ప్రవాహం నా ముఖం మీదుగా వెళ్లింది. కారం మాత్రం ముందే చల్లవద్దు, ఇది నా స్వానుభవం. ఆ వేడికి గుంటూరు మిరపకారం మాడి, మూడో అంతస్తు దాకా దగ్గించింది. బయటికి తీశాక, వేడి మీద ఉండగానే చల్లాలి.

మొదటి వాయి నిజంగానే కుదిరింది. అరకిలో దుంపలు అర నిమిషంలో అయిపోయాయి. రెండో వాయి పెట్టి, నేను ఫ్యాను కిందికి వెళ్లి పది నిమిషాలు కూర్చున్నాను. తిరిగి వచ్చేసరికి మా అమ్మ ఓవెన్ ముందు నిలబడి ఉంది. ముక్కల మధ్య అంత ఖాళీ ఎందుకని రెండు పెద్ద వంకాయలకు గాట్లు పెట్టి, నూనె రాసి, సందుల్లో ఇరికించింది. అలాగే మూడో వాయి ముక్కలు కూడా పైన పరిచేసింది.

“ఇంత సెగ ఊరికే పోతోంది కదరా.”

వంకాయలు చక్కగా కాలాయి. దుంపలు చక్కగా ఉడికాయి. రాత్రి కాల్చిన వంకాయ పచ్చడి ఎంత బాగా కుదిరిందంటే, నేను రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాను. వెడ్జెస్‌కు మా ఆవిడ ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు పెట్టింది. అందుకోసం అటక మీది మూకుడు దింపాల్సి వచ్చింది.