‘ఆ యుద్ధం న్యాయమేనా?’ అన్నది ఒక ప్రశ్న కాదు, రెండు

విశాఖ బీచ్ రోడ్డులో తెల్లవారుజామున వాహనాలను ఆపేసే వేళ, కురుసుర సబ్‌మెరైన్‌కు దగ్గర్లో గట్టు మీద చేరే ఒక చిన్న బృందం ఉంది. నడక అరగంట, మాటలు గంట. అందులో ఒకాయన నౌకాదళంలో చీఫ్ పెట్టీ ఆఫీసర్‌గా రిటైరయ్యారు, ఇంకొకాయన న్యాయశాస్త్రం బోధించి రిటైరయ్యారు. 2021 ఆగస్టు 15న కాబూల్ మళ్లీ తాలిబాన్ చేతికి వెళ్లిన వారంలో వీరిద్దరి మధ్య మొదలైన వాదన ఇప్పటికీ తెగలేదు. సెప్టెంబరు 11 దాడుల తర్వాత అమెరికా అఫ్గానిస్థాన్ మీదికి వెళ్లడం న్యాయమా, అన్యాయమా అన్నదే ఆ వాదన.

‘‘మన ఇంటికొచ్చి కొట్టిపోయినవాడు ఏ ఇంట్లో దాక్కున్నాడో తెలిసి కూడా ఆ గడప తొక్కకూడదంటే ఎలా మాస్టారూ?’’ అంటారు మొదటాయన. ‘‘గడప తొక్కడం వేరు చీఫ్ గారూ, ఇరవై ఏళ్లు ఆ ఇంట్లోనే కాపురం పెట్టడం వేరు’’ అంటారు రెండో ఆయన. పక్కన కూర్చుని వినేవాళ్లలో నేనూ ఒకణ్ణి. చాలాకాలం నేను ఎవరో ఒకరి పక్షం తీసుకోవాలనే అనుకున్నాను. తర్వాత తోచింది, వీరిద్దరూ ఒకే ప్రశ్నకు జవాబు చెప్పడం లేదని. తిరిగి కొట్టే హక్కు ఉందా అన్నది ఒక ప్రశ్న. ఆ హక్కు ఎంతవరకు, ఎంతకాలం చెల్లుతుంది అన్నది మరొకటి. మొదటిదానికి వచ్చిన ‘అవును’ను రెండోదానికీ వాడుకోవడం వల్లనే ఈ చర్చ ఇన్నేళ్లుగా గానుగెద్దులా తిరుగుతోంది.

ముందు చట్టం సంగతి చూద్దాం. ఐక్యరాజ్యసమితి నిబంధనావళి 51వ అధికరణం ప్రకారం, సాయుధ దాడికి గురైన దేశానికి ఆత్మరక్షణ హక్కు సహజంగానే ఉంటుంది, భద్రతా మండలి తగిన చర్య తీసుకునేవరకు దానిని ఉపయోగించుకోవచ్చు. దాడి జరిగిన మర్నాడే, 2001 సెప్టెంబరు 12న, మండలి ఆమోదించిన 1368వ తీర్మానం ఆ హక్కును గుర్తుచేసింది. అదే నెల 28న వచ్చిన 1373వ తీర్మానం మళ్లీ చెప్పింది. అయితే ఈ రెండింటిలో ఎక్కడా ‘అఫ్గానిస్థాన్‌పై బలప్రయోగం చేయండి’ అన్న అనుమతి లేదు. యుద్ధాన్ని సమర్థించేవారు ఆ అనుమతి అవసరమే లేదంటారు, వ్యతిరేకించేవారు అది లేకపోవడమే తమ వాదనకు బలమంటారు. చదివినంతలో ఇద్దరి మాటకూ ఆధారముంది. సుమారు మూడు వేల మందిని చంపినవారు ఒక దేశపు సైనికులు కారు, 19 మంది విమాన హైజాకర్లు, వారిలో 15 మంది సౌదీ జాతీయులు. వారిని పంపిన అల్‌ఖైదా వంటి ముఠా చేసిన దాడికి, దానికి చోటిచ్చిన ప్రభుత్వం ఎంతవరకు బాధ్యురాలన్న విషయంలో అంతర్జాతీయ న్యాయస్థానం 1986 నాటి నికరాగువా తీర్పులో చాలా గట్టి కొలత పెట్టింది. ఆయుధాలు, డబ్బు ఇచ్చినంత మాత్రాన సరిపోదు, ఆ చర్యల మీద నిజమైన అదుపు ఉండాలంది. ఆ కొలతతో చూస్తే తాలిబాన్ ప్రభుత్వం దాడి చేసినట్టు కాదు. అదే సమయంలో, తలుపు తీసి లోపలికి రానిచ్చి, భోజనం పెట్టి, శిక్షణకు నేల ఇచ్చినవాణ్ణి కేవలం ఇంటి యజమానిగా వదిలేయమనడం మామూలు మనిషికి మింగుడుపడదు.

ఈ సందిగ్ధంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనబడేవి సెప్టెంబరు 20 నుంచి అక్టోబరు 7 వరకు గడిచిన పదిహేడు రోజులు. ఆ 20వ తేదీన అమెరికన్ కాంగ్రెస్ ఉమ్మడి సమావేశంలో అధ్యక్షుడు జార్జ్ బుష్ తాలిబాన్ ముందు కొన్ని షరతులు పెట్టారు. అల్‌ఖైదా నాయకులను అప్పగించాలి, శిక్షణ శిబిరాలను మూసివేయాలి, అవి మూతపడ్డాయో లేదో చూసుకోవడానికి అమెరికాను రానివ్వాలి. వీటిపై బేరసారాలు ఉండవని కూడా అక్కడే చెప్పేశారు. అదే రోజు కాబూల్‌లో సమావేశమైన మతపెద్దలు, అల్‌ఖైదా అధినేత బిన్ లాడెన్ తనంతట తానే దేశం విడిచి వెళ్లేలా ఒప్పించాలని సిఫారసు చేశారు. ఇస్లామాబాద్‌లోని తాలిబాన్ రాయబారి అబ్దుల్ సలామ్ జయీఫ్ రుజువులు చూపమని అడిగారు. అక్టోబరు 4న బ్రిటన్ ప్రభుత్వం ఆధారాల పేరిట ఒక పత్రం విడుదల చేసింది, కానీ కోర్టులో నేరం నిరూపించడానికి దీనిని ఉద్దేశించలేదని ఆ పత్రమే చెప్పుకుంది. 7న బాంబులు పడ్డాయి. బాంబుదాడి ఆపితే బిన్ లాడెన్‌ను మూడో దేశానికి అప్పగించే విషయం మాట్లాడతామన్న ప్రతిపాదనను 14న బుష్ తోసిపుచ్చారు.

మన ఊళ్లలో రాయబార ఘట్టం పద్యనాటకంగా ఆడని జాతర ఉండేది కాదు ఒకప్పుడు. యుద్ధం తప్పదని కృష్ణుడికి తెలుసు, చూసే జనానికీ తెలుసు. అయినా అయిదూళ్లు అడగడానికి ఆయన హస్తినకు వెళ్లవలసిందే, సభలో నిలబడి అడగవలసిందే. ఆ అడగడం లేకపోతే తర్వాత జరిగే యుద్ధానికి అర్థమే మారిపోతుంది. అమెరికా అడిగింది, నిజమే. అడుగుతూనే జవాబు వినబోనని కూడా చెప్పింది. తాలిబాన్ ప్రతిపాదన చిత్తశుద్ధితో చేసినదా, కాలం గడపడానికి వేసిన ఎత్తా అన్నది అడిగి తేల్చుకోవలసిన విషయం. బిన్ లాడెన్ 2004 అక్టోబరులో తానే వీడియోలో బాధ్యత ఒప్పుకున్నాడు కాబట్టి అనుమానం నిజమని తేలింది, కానీ మూడేళ్ల తర్వాత దొరికిన రుజువు మూడేళ్ల ముందరి తొందరకు సాక్ష్యం కాజాలదు.

ఇంతవరకు మాస్టారి వైపు మాట్లాడాను. ఇప్పుడు చీఫ్ గారి మాటకున్న బరువు చెప్పాలి. పదిహేడు రోజులే కదా అనేవారు అంతకు ముందరి రెండేళ్లను మరిచిపోతారు. 1998 ఆగస్టు 7న నైరోబీ, దారెస్సలామ్‌లలోని అమెరికన్ రాయబార కార్యాలయాల వద్ద పేలుళ్లలో 224 మంది చనిపోయారు. బిన్ లాడెన్‌ను అప్పగించాలని భద్రతా మండలి 1267వ తీర్మానంలో తాలిబాన్‌ను ఆదేశించింది 1999 అక్టోబరులో. ఆంక్షలు విధించింది. జవాబు రాలేదు. ఆ డిసెంబరులోనే మన ఐసీ 814 విమానాన్ని హైజాక్ చేసి కాందహార్‌లో దింపినప్పుడు, ఆ రన్‌వే చుట్టూ సాయుధులై నిలబడిన తాలిబాన్‌ను టీవీల్లో మనం చూశాం. ముగ్గురు ఉగ్రవాదులను వదిలిపెట్టి మనవాళ్లను తెచ్చుకున్నాం. వారిలో ఒకడు కొద్ది నెలల్లోనే జైషే మహమ్మద్‌ను స్థాపించాడు. అడిగీ అడిగీ విసిగిన దేశం చివరికి చేయెత్తితే, ఆఖరి పదిహేడు రోజులను మాత్రమే పట్టుకుని తొందరపాటు అనడం న్యాయం కాదు. అందుకే, తొందర ఉన్నా సరే, 2001 అక్టోబరు నాటి దాడిని, అంటే శిబిరాలను ధ్వంసం చేసి అల్‌ఖైదాను చెదరగొట్టే చర్యను, నేను సమర్థించదగినదిగానే లెక్కిస్తాను.

తేడా వచ్చింది తర్వాత. నవంబరు 13న కాబూల్ తాలిబాన్ చేజారింది. డిసెంబరు 5న జర్మనీలోని బాన్‌లో కొత్త ప్రభుత్వానికి ఒప్పందం కుదిరింది. ఓడిపోయిన తాలిబాన్‌ను ఆ సభకు పిలవలేదు. ఆ చర్చలు నడిపిన ఐక్యరాజ్యసమితి ప్రతినిధి లఖ్దర్ బ్రహిమీయే అది తప్పని తర్వాత ఒప్పుకున్నారు. అదే నెలలో తోరాబోరా కొండల నుంచి బిన్ లాడెన్ తప్పించుకున్నాడు. అంటే 2001 ముగిసేసరికి శిబిరాలు లేవు, వాటికి చోటిచ్చిన ప్రభుత్వం లేదు, వెతుకుతున్న మనిషి దేశంలోనే లేకుండా పోతున్నాడు. ఆత్మరక్షణ పేరిట వచ్చిన పని అక్కడితో చాలామటుకు అయిపోయింది. ఆ తర్వాత జరిగిందంతా వేరే పని: రాజ్యాంగం రాయించడం, సైన్యాన్ని నిర్మించడం, గసగసాల సాగును అరికట్టడం, బడులు తెరిపించడం. వీటిలో కొన్ని మంచి పనులే. అఫ్గాన్ ఆడపిల్లలు చదువుకున్న ఆ ఇరవై ఏళ్లను తేలిగ్గా తీసిపారేసే హక్కు విశాఖలో కూర్చున్న నాకు లేదు. కానీ వాటికి అనుమతి సెప్టెంబరు 11 నుంచి రాదు. వేరే కారణం చూపాలి, వేరే సమ్మతి అడగాలి, ముఖ్యంగా అక్కడి జనాన్ని. డిసెంబరు 20 నాటి 1386వ తీర్మానం అంతర్జాతీయ దళాన్ని ఆరు నెలల కోసం, కాబూల్, దాని పరిసరాల వరకే పంపింది. ఆ ఆరు నెలలు ఎలా సాగాయో తెలిసిందే. బిన్ లాడెన్ 2011 మే 2న హతమైంది పాకిస్థాన్‌లోని అబోటాబాద్‌లో. యుద్ధం ఆ తర్వాత మరో పదేళ్లు అఫ్గానిస్థాన్‌లో నడిచింది. బ్రౌన్ విశ్వవిద్యాలయం వేసిన లెక్క ప్రకారం అక్కడ చనిపోయిన పౌరులే 46 వేలకు పైగా ఉన్నారు. చివరికి 2020 ఫిబ్రవరి 29న దోహాలో సంతకం పెట్టించుకున్నది, బాన్‌కు పిలవని ఆ తాలిబాన్‌తోనే. ఇంట్లో ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకున్నట్టు అని మనవాళ్లంటారు. ఇక్కడ తగలబడింది పొరుగువాడి ఇల్లు, ఎలుకలేమో ముందే పక్క వీధికి వెళ్లిపోయాయి.

ఇరాక్ గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. సెప్టెంబరు 11 దాడుల్లో సద్దాం హుస్సేన్ ప్రభుత్వం అల్‌ఖైదాతో చేతులు కలిపినట్టు ఆధారం లేదని అమెరికా సొంత విచారణ సంఘమే 2004లో తేల్చింది. మన లోక్‌సభ 2003 ఏప్రిల్‌లోనే ఆ దాడిని నిందించింది, సైన్యాన్ని పంపమన్న అమెరికా కోరికను ఆ జులైలో వాజ్‌పేయి ప్రభుత్వం కాదంది. దుఃఖం ఒకచోట పుడితే దానిని వేరొకచోటికి తోలుకెళ్లడానికి ఇంతకంటే పాత ఉదాహరణ ఒకటుంది. 1982 జూన్ 3న లండన్‌లో ఇజ్రాయెల్ రాయబారి మీద కాల్పులు జరిపినవారు అబూ నిదాల్ ముఠావారు, అంటే పాలస్తీనా విమోచన సంస్థకు బద్ధశత్రువులు. మూడు రోజుల్లో ఇజ్రాయెల్ సైన్యం లెబనాన్‌లోకి వెళ్లింది, ఆ విమోచన సంస్థను తరిమేయడానికే. దక్షిణ లెబనాన్ నుంచి పూర్తిగా బయటపడేసరికి 2000వ సంవత్సరమైంది, అప్పటికి ఇజ్రాయెల్‌కు కొత్త శత్రువుగా హిజ్బుల్లా పుట్టి పెరిగింది.

చట్టం మాట ఎత్తినప్పుడల్లా చీఫ్ గారు చేత్తో చూపేది ఎదురుగా ఉన్న ‘విక్టరీ ఎట్ సీ’ స్మారకాన్ని. 1971 డిసెంబరు 3, 4 తేదీల మధ్య రాత్రి పాకిస్థాన్ సబ్‌మెరైన్ ఘాజీ 93 మందితో ఈ తీరానికి కాస్త దూరంలోనే మునిగిపోయింది. ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ వేసిన డెప్త్ చార్జీలకే అది మునిగిందని మన నౌకాదళం అంటుంది, తాను పరిచిన మందుపాతరే పేలిందని పాకిస్థాన్ అంటుంది. ఆ యుద్ధంలోనే డిసెంబరు 7న ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ కాల్పులు ఆపి బలగాలను వెనక్కి తీసుకోమని 104 ఓట్లతో తీర్మానించింది. వ్యతిరేకించినవి 11 దేశాలే. లోకమంతా వద్దన్న యుద్ధాన్నే మనం తీరాన రాయి నాటి గుర్తుచేసుకుంటున్నాం, అందులో మనకు సిగ్గుపడవలసింది ఏమీ కనబడదు. ఓట్ల లెక్కే న్యాయాన్యాయాలను తేల్చదన్న చీఫ్ గారి మాటను నేను ఇక్కడ పూర్తిగా ఒప్పుకుంటాను. కాకపోతే మాస్టారు అందుకునే జవాబు కూడా రాసుకోవాలి. ఢాకాలో పాక్ సైన్యం డిసెంబరు 16న లొంగిపోయింది, మరుసటి ఏడాది మార్చిలో మన సైన్యం బంగ్లాదేశ్ నుంచి వచ్చేసింది.

ఈ వాదన మనకు దూరపు దేశాల కబురు కాకుండా పోయింది 2025 ఏప్రిల్ 22న. పహల్గాంలో ముష్కరులు కాల్చిచంపిన 26 మందిలో విశాఖవాసి ఒకరున్నారు. ఆ వారం బీచ్ గట్టు మీద మాటలు లేవు. పాకిస్థాన్ ప్రధాని తటస్థ దర్యాప్తు జరపమన్నప్పుడు మాస్టారు కూడా పెదవి విరిచారు, కారణం చీఫ్ గారు ముందే చెప్పారు. 2008లో ముంబయిలో 166 మంది చనిపోయాక మనం సైన్యాన్ని పంపలేదు, ఆధారాలు పంపాం. ప్రాణాలతో దొరికిన కసబ్‌ను కోర్టులో నిలబెట్టి విచారించాం. 2016లో పఠాన్‌కోట్ దాడి తర్వాత పాక్ దర్యాప్తు బృందాన్నే మన గడ్డ మీదికి రానిచ్చాం. అంటే రాయబారం అప్పటికే జరిగింది, ఒకటి కాదు, చాలాసార్లు. మే 7 తెల్లవారుజామున తొమ్మిది చోట్ల దాడి చేసి, సైనిక స్థావరాలను తాకలేదని ప్రభుత్వం ప్రకటించినప్పుడు, ‘‘ఇంతేనా?’’ అన్నవారు మా బృందంలోనే ఉన్నారు. లాహోర్ దాకా వెళ్లాలన్నారు ఒకరు. మే 10న కాల్పుల విరమణ వచ్చింది. నాలుగు రోజుల్లో రెండు అణ్వస్త్ర దేశాలు ఎంత దూరం వెళ్లాయో తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది. అయినా తొమ్మిది చోట్లు అన్న ఆ లెక్కలో ‘ఎక్కడ ఆగాలి’ అన్న ప్రశ్నకు ముందే ఒక జవాబు రాసిపెట్టుకున్నట్టు కనిపించింది.

అమెరికా రాసుకున్నదేమిటో కూడా ఒకరోజు గట్టు మీద చదువుకున్నాం. 2001 సెప్టెంబరు 18న బుష్ సంతకం చేసిన చట్టంలో యుద్ధానికి అధికారమిచ్చే వాక్యం ఆంగ్లంలో సరిగ్గా 60 పదాలు. దేశం పేరు లేదు, గడువు లేదు. దాని ఆధారంతోనే తర్వాత యెమెన్‌లో, సోమాలియాలో, సిరియాలో దాడులు జరిగాయి, అది ఈనాటికీ రద్దు కాలేదు. సెనేట్‌లో 98 మంది అవునన్నారు, కాదన్నవారు లేరు. ప్రతినిధుల సభలో 420 మంది అవునన్నారు, ఒక్కరు కాదన్నారు. ఆ ఒక్కరు కాలిఫోర్నియాకు చెందిన బార్బరా లీ. నిర్దిష్ట లక్ష్యం, బయటపడే దారి లేని యుద్ధంలోకి దిగుతామేమోనని ఆమె భయపడ్డారు. తర్వాత బెదిరింపులు వస్తే పోలీసు రక్షణ పెట్టవలసి వచ్చింది.

‘‘మొత్తం సభలో ఆమె ఒక్కతేనా?’’ అన్నారు చీఫ్ గారు, ఫోన్ నా చేతిలోంచి తీసుకుని మళ్లీ చూస్తూ. ఆయన మాస్టారి వైపు తిరిగారు, ఇక తన ఓటమి ఒప్పుకోక తప్పదన్నట్టు. మాస్టారు సముద్రం వైపే చూస్తూ, ‘‘ఆ రోజు నేనా సభలో ఉంటే, ఆ 420 మందితోనే చేయెత్తేవాణ్ణి చీఫ్ గారూ’’ అన్నారు.