బిడ్డతో ఆఫీసు ప్రయాణం: మూడో టికెట్ ఖర్చు ఎవరిది?

2021 మే నెలలో మన హైదరాబాద్ టెన్నిస్ క్రీడాకారిణి సానియా మీర్జాకు ఇంగ్లండ్ వీసా వచ్చింది. రెండేళ్ల కొడుక్కి, వాణ్ణి చూసుకునే మనిషికి మాత్రం రాలేదు. అప్పటి కోవిడ్ ఆంక్షలు దానికి కారణం. ముందు ఇంగ్లండ్‌లో వరుసగా టోర్నీలు, తర్వాత వింబుల్డన్, ఆపైన టోక్యో ఒలింపిక్స్. రెండేళ్ల పిల్లవాణ్ణి వదిలి నెల రోజులు వెళ్లలేనని ఆమె కేంద్ర క్రీడా శాఖకు చెప్పుకున్నారు. ఆ శాఖ విదేశాంగ శాఖ సాయం కోరింది.

ఆరు గ్రాండ్‌స్లామ్ డబుల్స్ టైటిళ్లు గెలిచిన మనిషి కాబట్టి ఒక మంత్రిత్వ శాఖ కదిలింది. గచ్చిబౌలిలోనో మాదాపూర్‌లోనో పనిచేస్తూ, క్లయింట్ దగ్గరికి మూడు వారాలు డల్లాస్ వెళ్లిరమ్మంటే ఏడు నెలల బిడ్డ ముఖం చూసి ఆగిపోయే అమ్మాయి కోసం ఎవరు కదులుతారు? చాలాసార్లు ఆమె మేనేజర్‌తో "ఈసారికి వేరే ఎవరినైనా పంపండి" అని ఊరుకుంటుంది. ఆ అవకాశం పక్కవాళ్లకు వెళ్తుంది. దాని వెనక రావాల్సిన ప్రమోషన్ కూడా వెళ్తుంది. ఎవరూ ఆమెను ఆపలేదు కాబట్టి ఇది అన్యాయంగా ఎక్కడా నమోదు కాదు.

పసిబిడ్డ తల్లి దూర ప్రయాణం చేయాలంటే ఇద్దరు కాదు, ముగ్గురు వెళ్లాలి. తల్లి మీటింగ్‌లో ఉన్నప్పుడు బిడ్డను ఎత్తుకునే మనిషే మూడో మనిషి. ఆ మూడో టికెట్‌ను కంపెనీలు, పన్ను చట్టం, ఒక్కోసారి మన ఇళ్లలోవాళ్లు కూడా సరదా ఖర్చుగానే చూస్తున్నారు. నా దృష్టిలో అది ల్యాప్‌టాప్ లాంటి పని ఖర్చు.

ఈ విషయంలో ప్రధానమంత్రులకూ మినహాయింపు దొరకలేదు. న్యూజీలాండ్ ప్రధానిగా ఉండగా జసిండా ఆర్డెర్న్‌కు 2018 జూన్‌లో పాప పుట్టింది. ఆ సెప్టెంబర్‌లో నౌరూ దీవిలో పసిఫిక్ దేశాల సదస్సు జరిగింది. అక్కడికి వెళ్లాలంటే వేయించాల్సిన టీకాలకు పాప వయసు చాలదు. పాలు తాగే బిడ్డను మూడు రోజులు వదిలి ఉండలేక, ఆమె విడిగా విమానంలో వెళ్లి ఒక్క రోజులో తిరిగొచ్చారు. ప్రజల డబ్బు వృథా చేశారని విమర్శలు వచ్చాయి. వెళ్లకపోతే బాధ్యత తెలియదనేవారు. అదే నెలాఖరులో న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సమావేశాలకు మూడు నెలల పాపను వెంట తీసుకెళ్లారు. ఆమె మాట్లాడుతుంటే భాగస్వామి క్లార్క్ గేఫోర్డ్ పాపను ఒళ్లో పెట్టుకుని హాల్లో కూర్చున్న ఫొటో ప్రపంచమంతా చూసింది. ఆ ఫొటో గురించి అందరూ మాట్లాడారు కానీ, గేఫోర్డ్ టికెట్ డబ్బు ఆర్డెర్న్ సొంతంగా పెట్టుకున్నారన్న సంగతి పెద్దగా చర్చకు రాలేదు. ఆయన వెళ్లింది ప్రధానంగా పాపను చూసుకోవడానికి కాబట్టి ఖర్చు తామే భరిస్తున్నామని ఆమె చెప్పారు. దేశ ప్రధాని కూడా మూడో టికెట్‌ను సొంత ఖర్చులో రాసుకోవాల్సి వచ్చింది.

దీనికంటే మెరుగైన పద్ధతి పాకిస్థాన్ క్రికెట్‌లో కనిపించడం చాలామందికి ఆశ్చర్యం కలిగించవచ్చు. 2021లో అక్కడి క్రికెట్ బోర్డు తల్లులైన క్రీడాకారిణుల కోసం ఒక విధానం తెచ్చింది. పసిబిడ్డతో టూర్‌కు వెళ్లే క్రీడాకారిణి ఒక సహాయకురాలిని వెంట తీసుకెళ్లవచ్చు. ప్రయాణం, బస ఖర్చులో సగం బోర్డు భరిస్తుంది. అప్పటి కెప్టెన్ బిస్మా మారూఫ్ 2022 ప్రపంచకప్‌కు ఆరు నెలల పాపతో, తన తల్లితో కలిసి న్యూజీలాండ్ వెళ్లారు. భారత్‌తో మ్యాచ్ అయ్యాక మన అమ్మాయిలంతా ఆ పాప చుట్టూ చేరిన ఫొటో గుర్తుండే ఉంటుంది. అమ్మమ్మ వెంట ఉంది కాబట్టే ఆ పాప అక్కడ ఉంది.

కార్పొరేట్ ప్రపంచంలో ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికా పెట్టుబడుల సంస్థ కేకేఆర్ 2015లోనే బిడ్డకు ఏడాది నిండే వరకు బిడ్డ, సహాయకుల ప్రయాణ ఖర్చు భరిస్తామంది. అదే ఏడాది ఐబీఎం తల్లిపాలను టూర్ నుంచి ఇంటికి పంపే ఏర్పాటు ప్రకటించింది. మన దేశంలో గోద్రెజ్ గ్రూపు, ఏడాదిలోపు బిడ్డ ఉన్న తల్లులకు సహాయకురాలితో సహా ప్రయాణ ఖర్చు ఇస్తోంది. వేలమంది అమ్మాయిలను ఆన్‌సైట్ పంపే మన ఐటీ రంగంలో ఇది మామూలు నియమంగా ఉండాలి.

మన చట్టం ఇంటికి, ఆఫీసుకు మధ్యే ఆగిపోయింది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని 2017లో సవరించి, మొదటి ఇద్దరు బిడ్డలకు సెలవును 26 వారాలు చేశారు. 50 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది ఉన్న ఆఫీసులో పిల్లల కోసం క్రెష్ ఉండాలన్నారు. బిడ్డకు 15 నెలలు వచ్చేవరకు పాలివ్వడానికి రోజుకు రెండు విరామాలు ఇవ్వాలని అసలు చట్టంలోనే రాశారు. ఇవన్నీ మంచివే. కానీ అదే తల్లిని కంపెనీ సముద్రాలు దాటించి పంపినప్పుడు క్రెష్ ఎక్కడ, విరామం ఎక్కడ?

ఇందులో వయసు లెక్క కూడా ఒకటుంది. 26 వారాల్లో ఎనిమిది వారాల వరకు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అంటే తల్లి తిరిగి డ్యూటీలో చేరేసరికి బిడ్డకు నాలుగు నుంచి ఆరు నెలలు. కుదురుకుని మొదటి టూర్‌కు వెళ్లేసరికి ఎనిమిదో తొమ్మిదో వస్తాయి. "కాస్త పెద్దయ్యాకైతే నయం" అని ఇంట్లో పెద్దలు అంటారు కానీ, విమానం విషయంలో ఇది నిజం కాదు. మూడు నుంచి ఆరు నెలల బిడ్డ పాలు తాగి పడుకుంటుంది. ముందు వరుస సీట్ల దగ్గర గోడకు తగిలించే తొట్టి, అదే బాసినెట్, సరిపోతుంది. ఎనిమిది నెలలు వచ్చాక పాకాలి, లేచి నిలబడాలి, కొత్త ముఖం కనిపిస్తే ఏడవాలి. చాలా ఎయిర్‌లైన్స్‌లో ఆ తొట్టికి పది పదకొండు కిలోల పరిమితి ఉంటుంది. లేచి కూర్చునే బిడ్డను అందులో ఉంచలేం. సీట్ బెల్ట్ లైటు వెలిగిన ప్రతిసారీ నిద్రలో ఉన్నా ఎత్తుకోవాల్సిందే. కాబట్టి ప్రయాణం తప్పదనుకుంటే నెలలు వాయిదా వేయడం కంటే, బిడ్డ ఆరోగ్యంగా ఉండి డాక్టర్ సరేనంటే ముందే వెళ్లడం మేలని నా అభిప్రాయం.

విమానంకంటే కష్టమైనవి దిగిన తర్వాతి రెండు మూడు రాత్రులు. న్యూయార్క్‌కు, మనకు ఎండాకాలంలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర గంటలు తేడా. అక్కడి అర్ధరాత్రి మన బిడ్డకు ఆటల వేళ. ఉదయం తొమ్మిదికి మీటింగ్ ఉన్న తల్లి రెండింటికే లేస్తుంది. వెంట వచ్చిన అమ్మమ్మకూ అదే నిద్రలేమి. ఆదివారం దిగి సోమవారం మీటింగ్‌కు వెళ్లేలా కంపెనీలు బుక్ చేస్తాయి. శుక్రవారమే దింపితే అదనంగా అయ్యేది రెండు రాత్రుల హోటల్ ఖర్చు. ఈ మొత్తం వ్యవహారంలో ఇంత తక్కువ ఖర్చుతో ఇంత ఉపయోగపడే మార్పు ఇంకొకటి లేదు.

టికెట్ దగ్గర కూడా తెలియక నష్టపోయేవాళ్లు ఉన్నారు. రెండేళ్లలోపు బిడ్డ ఒళ్లో కూర్చుంటే అంతర్జాతీయ విమానాల్లో సాధారణంగా పెద్దవాళ్ల ఛార్జీలో పది శాతం తీసుకుంటారు. ఆ పది శాతం తల్లి కూర్చునే క్లాసు మీద. కంపెనీ బిజినెస్ క్లాస్ ఇస్తే బిడ్డ టికెట్ కూడా ఆ లెక్కనే. బిడ్డ పేరు తల్లి బుకింగ్‌తో కలిపి ఉండాలి కాబట్టి, ట్రావెల్ డెస్క్‌కు ముందే చెప్పకపోతే చివర్లో టెన్షన్ తప్పదు. టూర్ మధ్యలో రెండేళ్లు నిండితే తిరుగు ప్రయాణానికి పూర్తి సీటు కొనాలి. బిడ్డకు సొంత పాస్‌పోర్ట్, సొంత వీసా ఎలాగూ కావాలి.

ఇక మూడో మనిషి సంగతి. మన ఇళ్లలో ఆ మనిషి ఎక్కువగా అమ్మమ్మే, ఒక్కోసారి నాయనమ్మ. బీపీకో షుగర్‌కో మందులు వాడే అరవయ్యేళ్ల మనిషిని దోహాలోనో ఫ్రాంక్‌ఫర్ట్‌లోనో విమానం మార్పించి, తెలియని ఊళ్లో హోటల్ గదిలో రోజంతా బిడ్డతో ఉంచుతున్నాం. "అమెరికా చూసినట్టుంటుంది కదమ్మా" అని ఒప్పిస్తాం. ఆమె చూసేది హోటల్ కిటికీ. ఇన్సూరెన్స్ తీసుకునేటప్పుడు కూడా బిడ్డకు, కూతురికి చూసినంత శ్రద్ధగా ఆమెకు చూడరు. పాత జబ్బులకు కవరేజీ ఉందో లేదో చదివేవాళ్లు తక్కువ. డల్లాస్‌లో పిన్ని ఇల్లుంది కదా అనుకుంటే, క్లయింట్ ఆఫీసు ఇంకో ఊళ్లో ఉండొచ్చు. భర్త సెలవు పెట్టి వెంట వెళ్లడం వీటన్నిటికంటే న్యాయమైన దారి. కానీ ఆ మాట అడిగే భార్యలు, సెలవిచ్చే మేనేజర్లు ఇంకా తక్కువే. అదే తండ్రి టూర్‌కు వెళ్తే బిడ్డను ఎవరు చూస్తారని ఆఫీసులో ఒక్కరూ అడగరు.

కంపెనీ పెద్ద మనసుతో ఆ టికెట్ ఇచ్చినా పన్ను శాఖ ఊరుకోదు. ఆదాయపు పన్ను నియమాల ప్రకారం, ఆఫీసు టూర్‌లో ఉద్యోగి వెంట వచ్చిన ఇంటి సభ్యుల మీద కంపెనీ పెట్టే ఖర్చు ఉద్యోగికి అందిన ప్రయోజనం. అది జీతంలో కలుస్తుంది, దాని మీద పన్ను పడుతుంది. ఇంటి సభ్యులంటే భర్త, పిల్లలతో పాటు తల్లిదండ్రులు, పనిమనిషి కూడా వస్తారు. ఈ నియమం విహారయాత్రల ఖర్చుతో కలిపి రాసింది. కంపెనీ డబ్బుతో కుటుంబాన్ని సింగపూర్ తిప్పే పెద్ద అధికారికి ఇది సరైనదే. పాలు తాగే బిడ్డ కోసం అమ్మను వెంట తీసుకెళ్లే ఉద్యోగినిని అదే గంపలో వేయడమే తప్పు.

దుర్వినియోగం జరుగుతుందన్న భయం ఉంటే హద్దు గీయడం కష్టం కాదు. పాలిచ్చే విరామాలకు చట్టం ఇప్పటికే 15 నెలల వయసు పెట్టింది. ఆ వయసులోపు బిడ్డ, ఒక్క సహాయకురాలు లేదా సహాయకుడు, తల్లి లేదా తండ్రి అధికారిక టూర్ తేదీలకు అటూ ఇటూ రెండు రోజులు. అంతవరకు ఖర్చును పన్ను నుంచి మినహాయించాలి. టూర్ ముగిశాక నయాగరా చూసే వారం సొంత ఖర్చే, అందులో అభ్యంతరం లేదు. 2025లో కొత్త ఆదాయపు పన్ను చట్టం వచ్చింది కాబట్టి ఈ మినహాయింపును నియమాల్లో చేర్చమని ఐటీ పరిశ్రమ సంఘాలు, రెండు తెలుగు రాష్ట్రాల ఎంపీలు ఆర్థిక శాఖను అడగాలి. ఈలోగా కంపెనీలు ఆ టికెట్‌తో పాటు దాని మీద పడే పన్ను కూడా భరించవచ్చు. దానికి ఏ చట్టమూ అడ్డు రాదు.