చెవి కింద గడ్డ తీయడం ఒకెత్తు, ఎంత మేర తీస్తారో చెప్పడం ఇంకో ఎత్తు

చెవి కింద గోళీకాయంత గడ్డ. నొప్పి లేదు, ఏళ్ల నుంచీ ఉంది, మెల్లగా పెరుగుతోంది. స్కానింగ్ అయింది, సూదితో ముక్క తీసి పరీక్ష కూడా చేశారు, క్యాన్సర్ కాదు గానీ తీసేయడమే మంచిదన్నారు. పేషెంట్ సరే అని తలూపుతాడు, డేట్ ఇచ్చేస్తారు. తీసేయాలి సరే, కానీ ఎంత మేర తీయాలి అనే మాట మాత్రం ఆ గదిలో చాలాసార్లు రానే రాదు.

లాలాజల గ్రంథుల్లో వచ్చే కణితుల్లో దాదాపు 80 శాతం చెవి ముందూ కిందా ఉండే పెరోటిడ్ గ్రంథిలోనే వస్తాయి, వాటిలో మళ్లీ 80 శాతం దాకా క్యాన్సర్ కానివే. ఎక్కువగా కనిపించేది ప్లియోమార్ఫిక్ అడినోమా. క్యాన్సర్ కాదుగా అని దీన్ని వదిలేయడానికీ లేదు, ఏళ్లు గడిచేకొద్దీ కొన్ని క్యాన్సర్‌గా మారతాయి. కాబట్టి ఆపరేషన్ వద్దని నేను అనట్లేదు. చిక్కల్లా ముఖాన్ని కదిలించే నరంతోనే. అది సరిగ్గా ఈ గ్రంథి మధ్యలోంచే వెళ్తూ ఐదు కొమ్మలుగా చీలుతుంది, కనురెప్ప మూయాలన్నా, నవ్వాలన్నా, నోట్లో నీళ్లు పట్టి పుక్కిలించాలన్నా అదే దిక్కు.

ఒకప్పుడు గడ్డ పొర కోసి, లోపలి సరుకుని చిక్కుడుకాయలోంచి గింజ ఒలిచినట్టు ఒలిచేసేవాళ్లు. ఆ పొర అన్నిచోట్లా ఒకేలా ఉండదు, కొన్నిచోట్ల పల్చగా ఉంటుంది, కొన్నిచోట్ల అసలు ఉండదు, దాంతో మిగిలిపోయిన కణాల నుంచి గడ్డ మళ్లీ వచ్చేది, అదీ ఒకటిగా కాదు, పాత మచ్చ చుట్టూ చిన్న చిన్న గుళికలుగా. పాత లెక్కల్లో ఇలా తిరగబెట్టినవి 20 నుంచి 45 శాతం దాకా ఉన్నాయి. ఆ దెబ్బకి సర్జన్లు రెండో చివరికి వెళ్లారు. ముందు నరం మొదలు వెతికి పట్టుకోవాలి, ఒక్కో కొమ్మ వెంటా వెళ్లాలి, నరానికి పైన ఉన్న గ్రంథి మొత్తం తీసేయాలి. సూపర్ఫిషియల్ పెరోటిడెక్టమీ అంటే ఇదే. గడ్డ మళ్లీ రావడం బాగా తగ్గింది, ఆ గొప్పతనం దానికి ఇవ్వాల్సిందే.

కానీ రెండు సెంటీమీటర్ల గడ్డ కోసం, అది పైపైనే ఉండి చేతికి అటూ ఇటూ కదులుతున్నా సరే, ఐదు కొమ్మలనీ బయటపెట్టి మంచి గ్రంథినంతా తీసేయాలా? ఇప్పుడు ఎక్స్‌ట్రా క్యాప్సులర్ డిసెక్షన్ అనే పద్ధతి ఉంది. గడ్డ పొరని ముట్టుకోకుండా, చుట్టూ కొద్దిగా మంచి కండ ఉంచుకుని బయట నుంచి కోసుకుంటూ వెళ్తారు, నరం మొదలు వెతకరు, నరం దగ్గరైతే హెచ్చరించే మానిటర్ పెట్టుకుని దారిలో కొమ్మ తగిలితే పక్కకి జరుపుతారు. సరిగ్గా ఎంచుకున్న కేసుల్లో గడ్డ తిరగబెట్టడం పెద్ద ఆపరేషన్‌లో లాగానే తక్కువగా ఉందనీ, ముఖం తాత్కాలికంగా వాలిపోవడం మాత్రం తక్కువనీ చాలా అధ్యయనాలు కలిపి చూసిన విశ్లేషణలు చెప్తున్నాయి.

దీన్ని ఒప్పుకోని సర్జన్ల మాటలోనూ బలం ఉంది. సూది పరీక్ష ఒక్కోసారి తప్పుతుంది, క్యాన్సర్ కాదనుకున్నది తర్వాత క్యాన్సర్ అని తేలొచ్చు, పైగా నరం మొదలు చూడకుండా లోపలికి వెళ్లడం చేయి తిరగనివాళ్లకి ప్రమాదమే అంటారు. నిజమే. అందుకే పెద్ద ఆపరేషన్ బాగా చేయగలిగినవాళ్లే ఈ చిన్నది చేయాలి, లోతుగా ఉన్న గడ్డలకీ కదలని గడ్డలకీ ఇది వద్దు.

కానీ "ఎక్కువ తీస్తే ఎక్కువ సేఫ్" అనే మాట దగ్గర మాత్రం నేను ఆగిపోతాను. గడ్డ చాలాసార్లు నరానికి ఆనుకునే ఉంటుంది. ఆ ఆనుకున్న చోట ఎంత పెద్ద ఆపరేషన్ చేసినా సర్జన్ చేసేది ఒక్కటే, గడ్డ పొర మీంచి నరాన్ని జాగ్రత్తగా వేరు చేయడం. అక్కడ మధ్యలో మంచి కండ అంటూ ఏమీ ఉండదు, నరాన్ని కోస్తే తప్ప. అసలు రిస్క్ ఉన్న వైపు పొరే అంచు అయినప్పుడు, రిస్క్ లేని వైపు మూడు సెంటీమీటర్ల మంచి గ్రంథి అదనంగా తీసేస్తే ఆ లోటు ఎలా పూడుతుంది? గడ్డ చిట్లకుండా బయటికి రావడం ముఖ్యం, పక్కన ఎంత తీశారన్నది కాదు.

ఆ అదనంగా తీసినదానికి పేషెంట్ కట్టే మూల్యం ఏంటో చూడండి. దవడ వెనక గుంట పడుతుంది. చెవి తమ్మె మొద్దుబారుతుంది, ఫోన్ చెవికి ఆనించుకున్నా ఆనినట్టు తెలీదు. ఇక ఫ్రే సిండ్రోమ్. లాలాజలం ఊరమని చెప్పే నరపు పోగులు తెగి, తిరిగి పెరిగేటప్పుడు దారి తప్పి చర్మంలోని చెమట గ్రంథులకి అతుక్కుంటాయి, దాంతో కొన్ని నెలల తర్వాత ఒకరోజు నలుగురితో కూర్చుని తింటుంటే ఒక్క చెంప మాత్రం ఎర్రబడి చెమట కారుతుంది. 1923లో లూచ్యా ఫ్రే అనే పోలిష్ న్యూరాలజిస్ట్ దీని వెనకున్న నరాన్ని గుర్తించి రాశారు, ఆమె పేరే దీనికి పెట్టారు. బొటాక్స్ ఇంజెక్షన్‌తో తగ్గుతుంది, కొన్నాళ్లకి మళ్లీ వేయించుకోవాలి. ప్రాణం మీదకి రాదు కాబట్టి దీన్ని చిన్న విషయం అంటారు, తినేటప్పుడల్లా కర్చీఫ్ పట్టుకు కూర్చునే మనిషికి అది చిన్నదెలా అవుతుంది?

నాకు అసలు బాధ ఇక్కడే. సంతకం చేయించే కాగితంలో "గడ్డ తొలగింపు" అని ఒక్క ముక్క ఉంటుంది, ఇన్ని దారులున్నాయని పేషెంట్‌కి తెలిసేలోపే దారి ఖరారైపోతుంది. వైద్యంలో ఒప్పుకోవడం అంటే సంతకం పెట్టడం అనుకున్నంత కాలం ఇది మారదు, ఒక్క ఈ గడ్డ విషయంలోనే కాదు, అన్నిట్లోనూ ఇదే తంతు. ఎంత తీస్తారు, ఎందుకంత, నరం మానిటర్ పెడతారా, ఇలాంటివి మీరు ఏడాదికి ఎన్ని చేస్తారు అని పేషెంట్ అడిగితే అది అనుమానించడం కాదు, తన ముఖం గురించి తను అడుగుతున్నాడు.

క్యాన్సర్ అని తేలినప్పుడు ఈ మాటలు ఇంకా ముందే జరగాలి. ఆపరేషన్‌కి ముందు కనుబొమ్మలు ఎత్తించి, కళ్లు గట్టిగా మూయించి, బుగ్గలు ఉబ్బించి, పళ్లు చూపించమంటారు కదా, ఆ రోజు నరం బాగా పనిచేస్తుంటే వీలైనంతవరకు కాపాడాలన్నది ఇప్పటి పద్ధతి. కణితి నరంలోకే పాకిందని లోపల కనిపిస్తే కోయాల్సి రావొచ్చు, అప్పుడు కాలి నుంచో మెడ నుంచో నరం తీసి అతుకుతారు, అది పనిచేయడం మొదలవడానికి నెలలు పడుతుంది, అందాకా కన్ను మూతపడక ఎండిపోకుండా చుక్కలు వేయాలి, పైరెప్పలో చిన్న బరువు పెట్టాల్సి రావొచ్చు. కోసే అవసరం పడితే కోయమంటారా అని మత్తులో ఉన్న మనిషిని అడగలేరు, అందుకే అది ముందు రోజు కూర్చోబెట్టి అడగాల్సిన ప్రశ్న.