రాగి పెప్టైడ్ రాస్తే షుగర్ పుండు మానుతుందా?

"రాగి పెప్టైడ్ అద్భుతం" అన్న మెసేజీ మా ఫ్యామిలీ గ్రూపులో తిరిగింది, అపార్ట్‌మెంట్ గ్రూపులో తిరిగింది, చివరికి ఇంటర్ బ్యాచ్ గ్రూపుకీ వచ్చింది. అందులో ఉన్నది ఇదీ. రాగి చెంబులో నీళ్లు తాగితే ఒంట్లో జీహెచ్‌కే-కాపర్, అంటే ఈ రాగి పెప్టైడ్, తయారవుతుంది. అది 4000 జన్యువులను రీసెట్ చేసి వయసును వెనక్కి తిప్పుతుంది. బట్టతల మీద జుట్టు మొలిపిస్తుంది. షుగర్ పుండ్లను డాక్టరుతో పని లేకుండా మాన్పుతుంది. ఇంజెక్షన్‌గా తీసుకుంటే ఇంకా తొందరగా పనిచేస్తుంది. సహజమైనది కాబట్టి సైడ్ ఎఫెక్టులే ఉండవు.

చెంబు సంగతి ముందు తేల్చేద్దాం. జీహెచ్‌కే అనేది గ్లైసిన్, హిస్టిడిన్, లైసిన్ అనే మూడు అమైనో ఆమ్లాలు కలిసిన చిన్న గొలుసు, అలాంటి గొలుసునే పెప్టైడ్ అంటారు. రాగిని పట్టుకునేది ఆ గొలుసే, దాన్ని చెంబు ఇవ్వదు. రాత్రంతా ఉంచిన నీళ్లలో కొన్ని బ్యాక్టీరియాలు చస్తాయి, అది నిజమే. ముడతలు మాత్రం అలాగే ఉంటాయి.

ఇక జన్యువులు. ఈ పెప్టైడ్‌ను మనిషి రక్తంలోని ద్రవభాగమైన ప్లాస్మాలో లోరెన్ పికార్ట్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1973లో గుర్తించాడు. అది కల్పన కాదు. కానీ ఆ వేల జన్యువుల లెక్క ఎక్కడిది? గాజు పాత్రలో పెంచిన క్యాన్సర్ కణాల మీద తీసిన డేటాను కంప్యూటర్లో జల్లెడ పడితే వచ్చింది. మన బాబాయి బుగ్గ మీద కొలిచింది కాదు. పైగా ఆ లెక్క రాసినవాళ్లలో పికార్ట్ ఒకడు, ఈ పెప్టైడ్ క్రీములు అమ్మే కంపెనీ పెట్టినవాడూ ఆయనే. అందుకని ఆయన చెప్పింది అబద్ధమనను. అమ్మేవాడి తూకాన్ని ఇంకో కాటాలో వేసి చూసుకోవాలి కదా!

జుట్టు విషయంలో మెసేజీ చూపించే సాక్ష్యం కొరియాలో 2007లో వచ్చిన అధ్యయనం. అందులో వాడింది జీహెచ్‌కే కూడా కాదు, దాని దగ్గరి చుట్టం ఏహెచ్‌కే. తల నుంచి తీసిన వెంట్రుక కుదుళ్లను డిష్‌లో పెట్టి, పొడవు పెరిగిందా అని చూశారు. బట్టతలకు మినాక్సిడిల్, ఫినాస్టెరైడ్ మనుషుల మీద పరీక్షలకు నిలబడ్డాకే మందులయ్యాయి. ఒక్క రాగి పెప్టైడ్‌తోనే బట్టతల నిండిందని అలాంటి పెద్ద పరీక్ష ఏదీ ఈ మెసేజీలో లేదు. బిఫోర్, ఆఫ్టర్ ఫోటోలు మాత్రం బోలెడు. ఆఫ్టర్ ఫోటోలో లైటు మారింది, దువ్వెన తీరు మారింది, తల వంచిన కోణం కూడా మారింది.

ఇవన్నీ డబ్బులు పోయే విషయాలు. పుండు అలా కాదు, కాలు పోయే విషయం.

ఇక్కడ మెసేజీ పక్షాన ఒక మాట చెప్పాలి. ఈ పెప్టైడ్ జెల్‌ను షుగర్ పుండ్ల మీద నిజంగానే పరీక్షించారు. 1994లో వచ్చిన ఆ ఫలితాల్లో, జెల్ రాసినవాళ్ల అరికాలి పుండ్లు మీడియన్ (వరసలో సరిగ్గా మధ్యనున్న) లెక్కన 98.5 శాతం మూసుకున్నాయి, మందు కలపని ఉత్త జెల్ రాసినవాళ్లవి 60.8 శాతం. చిన్న తేడా కాదు. మెసేజీ రాసినాయనకు ఈ అంకె దొరికి ఉంటే ఎగిరి గంతేసేవాడు.

కానీ ఆ జెల్ ఎప్పుడు రాశారు? ముందు డాక్టరు చచ్చిన కండను కోసి తీశాక. ఆపైన రోజూ డ్రెస్సింగ్ మార్చారు, పాదం ఎలా చూసుకోవాలో నేర్పారు. ఉత్త జెల్ రాసినవాళ్లకూ 60 శాతం మూసుకుందంటే ఆ పనితనం ఎవరిదో ఆలోచించండి. "డాక్టరుతో పని లేకుండా" అన్న ముక్క ఆ అధ్యయనంలో ఎక్కడా లేదు. ఆ తర్వాత 30 ఏళ్లు గడిచినా, షుగర్ పుండుకు మందుగా దీనికి అమెరికాలో మందులకు అనుమతులిచ్చే ఎఫ్‌డీఏ ఆమోదం రాలేదు.

షుగర్ పాదం ఎలా ఉంటుందో ఈ మెసేజీ పంపేవాళ్లలో ఎంతమంది చూశారో నాకు అనుమానమే. నరాలు దెబ్బతిని స్పర్శ ఉండదు. చెప్పులో గులకరాయి ఉన్నా రోజంతా నడిచేస్తారు. బొటనవేలి మొదట్లో, అరికాలి కింద ఆనెకాయ కడుతుంది. దాని మధ్యలో రూపాయి బిళ్లంత పుండు, నొప్పి లేదు, "చిన్నదే కదా" అంటారు. డ్రెస్సింగ్ గదిలో అందులోకి సన్నని స్టీలు పుల్ల పెడితే అది పోయి ఎముకకు టక్కున తగులుతుంది. ఆ టక్కుమనడం ఎముకకు చీము పట్టిందేమోనన్న అనుమానం. అప్పుడు కావాల్సింది ఎక్స్‌రే, యాంటీబయాటిక్, రక్తప్రసరణ పరీక్ష, ఆ చోట బరువు పడకుండా ప్రత్యేకమైన చెప్పు లేదా కట్టు. ఇవేవీ చూడకుండా పైన నీలంగా ఉండే ఈ పెప్టైడ్ సీరమ్ రాస్తే చర్మం మూసుకున్నట్టు కనిపించవచ్చు, కింద చీము తన పని తాను చేసుకుపోతుంది. నాలుగు వారాలు సీరమ్‌తో గడిపి వచ్చేసరికి వేలితో పోయేది పాదం దాకా రావచ్చు. అప్పుడు మెసేజీ పంపిన వదినగారు ఆసుపత్రికి యాపిల్స్ పట్టుకొస్తారు.

ముఖానికి రాసుకునేవాళ్ల జోలికి నేను రాను. 2006లో ముఖానికి లేజర్ చికిత్స చేయించుకున్నవాళ్లకు ఈ పెప్టైడ్ రాసి చూస్తే ఎరుపు తగ్గడంలో కొలవదగ్గ తేడా రాలేదు, కానీ రాసుకున్నవాళ్లు తమ చర్మం బాగుందని ఎక్కువ తృప్తిగా చెప్పారు. ఆ తృప్తికి వేయి రూపాయలు పెట్టాలనుంటే పెట్టుకోండి, కొనేముందు లేబుల్ మీద కాపర్ ట్రైపెప్టైడ్-1 (అక్కడ ఈ పెప్టైడ్ పేరు అదే) అన్నది జాబితాలో ఎన్నో చోట ఉందో చూడండి. పరిమళ ద్రవ్యం తర్వాత ఉంటే మీరు కొంటున్నది నీలం రంగే కావచ్చు.

ఇంజెక్షన్ మాత్రం వద్దు. ఆన్‌లైన్‌లో వచ్చే ఆ బుల్లి సీసాల మీద "పరిశోధనకు మాత్రమే, మనుషులకు వాడరాదు" అని అమ్మేవాడే రాసుకుంటాడు, కేసు తన మీదికి రాకుండా. ఇంజెక్షన్‌గా ఇచ్చే ఈ పెప్టైడ్‌ను ఎఫ్‌డీఏ 2023లో భద్రతపై సందేహాలున్న పదార్థాల జాబితాలో పెట్టింది. "సహజమైనది కాబట్టి సైడ్ ఎఫెక్టులు ఉండవు" అంటారా, తేలు విషం కూడా ఫ్యాక్టరీలో తయారైంది కాదు. పొడిలో స్వచ్ఛత ఎంతో, నీళ్లు కలిపే చేయి ఎంత శుభ్రమో తెలియకుండా పొట్ట మీద గుచ్చుకునేవాళ్లు, ఇంట్లో బీపీ మాత్రను మాత్రం ఎక్స్‌పైరీ తేదీ చూసి మరీ మింగుతారు.