అమ్మోనియా పెరిగితే ముందు చూడాల్సింది ఆల్కలినిటీ

ఆర్‌ఏఎస్ (నీటిని శుద్ధి చేసి మళ్లీ మళ్లీ వాడే చేపల పెంపకం) ట్యాంకులో అమ్మోనియా పెరిగితే సగం నీళ్లు మార్చమని ఒక వ్యాసంలో రాశారు. దాంతో ఆ పూటకు గండం గడుస్తుంది, కారణం మాత్రం అలాగే ఉంటుంది. ముందు ఆల్కలినిటీ, అంటే పీహెచ్ పడిపోకుండా ఆపే నీటి క్షారగుణం, కొలవండి.

32 శాతం ప్రొటీన్ ఉన్న మేత కిలో వేస్తే సుమారు 30 గ్రాముల అమ్మోనియా నైట్రోజన్ వస్తుంది. ఒక్కో గ్రామును నైట్రేట్‌గా మార్చడానికి బయోఫిల్టర్ (బ్యాక్టీరియాతో నీటిని శుద్ధి చేసే ఫిల్టర్) బ్యాక్టీరియా 7 గ్రాములకు పైగా ఆల్కలినిటీని, దాదాపు 4.6 గ్రాముల ఆక్సిజన్‌ను తినేస్తుంది. అందుకే కిలో మేతకు 200–250 గ్రాముల వంట సోడా లెక్క. బకెట్ నీళ్లలో కరిగించి రెండు మూడు విడతలుగా పోయాలి. ఆల్కలినిటీ 100–150 పీపీఎం మధ్య నిలబడాలి. అమ్మోనియా అప్పటికే బాగా పెరిగి ఉంటే సోడా ఒకేసారి గుమ్మరించొద్దు! పీహెచ్ ఎగబాకితే విషపు అమ్మోనియా వాటా కూడా పెరుగుతుంది. మేత ఆపి, మెల్లగా సరిచేయాలి.

కొర్రమీను పెంచేవాళ్లకు ఇంకో మాట. అది పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి నీటిలో ఆక్సిజన్ పడిపోయినా చేప బాగానే కనిపిస్తుంది. ఊపిరాడక చచ్చేది ఫిల్టర్లోని బ్యాక్టీరియా. కాబట్టి డీఓ మీటర్ (నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచేది) ట్యాంకులోనే కాదు, బయోఫిల్టర్ నుంచి నీరు బయటికొచ్చే చోట కూడా పెట్టి చూడండి.

అమ్మోనియా నైట్రేట్‌గా మారే దారిలో మధ్యలో వచ్చే విషం నైట్రైట్. అది పెరిగితే వెయ్యి లీటర్లకు అర కిలో నుంచి కిలో కల్లుప్పు. అందులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల్లోంచి చేప ఒంట్లోకి వెళ్లనివ్వదు.

ఫిల్టర్లో బ్యాక్టీరియా అంటుకుని పెరిగే మీడియాను మున్సిపల్ కుళాయి నీళ్లతో కడగొద్దు, క్లోరిన్‌కు బ్యాక్టీరియా పోతుంది. ట్యాంకు నీళ్లతోనే జాడించండి.