ఆ ప్రశ్నార్థకాన్ని చెరపకండి

మొన్న ఉగాదికి మన సంఘం హాలు బయట పిల్లలు వేసిన వంశవృక్షాలు పెట్టాం కదా, వచ్చినవాళ్ళంతా చూసే ఉంటారు. మా చిన్నమ్మాయి వేసింది మాత్రం మీలో చాలామంది చూసి ఉండరు. పచ్చడి పంచేటప్పటికే అది గోడ మీద లేదు. పంచాంగ శ్రవణం అయ్యాక వెతికితే చెప్పులు విడిచే చోట, మడత కుర్చీల వెనక, గోడవైపు తిప్పి ఆనించి ఉంది.

ఆ పిల్ల చేసిందల్లా ఒకటే. అందరికంటే పైన పెన్సిల్‌తో చుక్కల గీత గీసి, దాని కొసన "సర్వాయి పాపన్న" అని రాసి, పక్కన ప్రశ్నార్థకం పెట్టింది. పాపన్నంటే మూడు వందల ఏళ్ళ కింద, మొగలుల కాలంలో, కల్లు గీసే కులంలో పుట్టి గోలకొండ మీద కన్నేసినాయన. కార్యవర్గంలో ఒకరు నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగానే చెప్పారు: "దోపిడీలు చేసినాయన పేరు పిల్లల బోర్డు మీద ఎందుకండీ, కొందరు ఇబ్బంది పడుతున్నారు." ఇబ్బంది పడ్డవాళ్ళది వరంగల్ అని తర్వాత తెలిసింది. భోజనాల దగ్గర ఇంకొకాయన భుజం తట్టి, "ఆ ప్రశ్నార్థకం తీసెయ్యన్నా, పాపన్న మనోడే, గర్వంగా రాయించు" అన్నాడు. రెండు మాటలూ గుచ్చుకున్నాయి. రెండోది కాస్త ఎక్కువే గుచ్చుకుంది.

ఆ చుక్కల గీత మా నాయనమ్మది. మాది జనగామ దగ్గర పల్లె. తాత కల్లు గీయడానికి తాళ్ళెక్కేవాడు. తెల్లారకముందే నడుముకు ముస్తాదు కట్టుకుని, మోకు భుజాన వేసుకుని, చెట్టు మొదట్లో నిలబడి మానును ముట్టి కళ్ళకద్దుకునేవాడు. ఎల్లమ్మ పండుగనాడు బోనం దింపాక నాయనమ్మ మోదుగాకు విస్తరిలో ఇంత అన్నం, చిన్న మట్టిచిప్పలో ఇంత కల్లు తీసి, ఇంటి వెనక గోడవార పెట్టి వచ్చేది. గీత పనివాళ్ళ దేవుడు కాటమయ్యకు పెట్టేది వేరు, ఇది వేరు. ఎవరికని అడిగితే "పేరు లేనోనికి" అనేది. నాకు తొమ్మిదో పదో ఏళ్ళున్నప్పుడు ఒక రాత్రి మాత్రం ఇంకొంచెం చెప్పింది: "మనోళ్ళు ఖిలాషాపురం దిక్కుకెల్లి వచ్చిన్రు బిడ్డా. పాపన్న పోయినంక ఆడ ఉండలేక, పేరు జెప్పుకోలేక, చెట్టుకొకలు గుట్టకొకలు పోయిన్రట. గంతే ఎర్క."

నా దగ్గరున్నదీ అంతే. దాన్ని పట్టుకుని రెండేళ్ళ కింద ఊరికి వెళ్ళినప్పుడు వారం రోజులు తిరిగాను. 1954-55 ఖాస్రా పహాణీలో మా ముత్తాత పేరు దొరికింది. అంతకు ముందు ఏమీ లేదు. చెట్టు మీద బతికినవాళ్ళ పేర్లు భూమి కాగితాల్లో ఎట్లా దొరుకుతాయి? గౌడుల వంశాలు చెప్పే ఏనూటివాళ్ళను వెతుక్కుంటూ పోతే, ఒక ముసలాయన మా ఇంటిపేరు వినగానే తడుముకోకుండా మూడు తరాలు చెప్పాడు. నాలుగో తరం దగ్గర ఆగిపోయి, "మా నాయినకు ఎర్కుండె. నేనే అడగకపోతి" అన్నాడు. ఆయన మొహం ఇప్పటికీ కళ్ళముందే ఉంది. డీఎన్‌ఏ పరీక్ష చేయించుకోమని ఇక్కడి మిత్రులు అన్నారు. ఫలానా వాళ్ళు పాపన్న వారసులని రుజువైన కుటుంబం ఉంటే కదా, మన ఫలితం దానితో పోల్చి చూసుకోవడానికి!

ఇక పాపన్న సంగతి. వరంగల్ కుటుంబం బాధపడటంలో అన్యాయం లేదు, ఆ మాట ముందే ఒప్పుకుంటాను. 1708 ముహర్రం రోజుల్లో, ఊరంతా పీర్ల దగ్గర ఉన్నప్పుడు, రెండు మూడు వేల మందితో వరంగల్ మీద పడ్డాడు. అక్కడి తివాచీలు అప్పటికే పేరుమోసినవి. మోసుకుపోలేనంత పెద్దవాటిని ముక్కలుగా కోసి పంచుకున్నారని ఆ కాలపు మొగలు చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశాడు. ఆడవాళ్ళనూ పిల్లలనూ వేలల్లో పట్టుకుపోయి ఖిలాషాపురంలోని పాపన్న కోటలో బంధించారు. మరుసటి ఏడు మొగలు పాదుషా బహదూర్ షా హైదరాబాదులో ఉన్నప్పుడు అదే పాపన్న 14 లక్షల రూపాయలు కానుకగా ఇచ్చి, పాదుషా చేతుల మీదుగా ఖిల్లత్, అంటే గౌరవ వస్త్రం, అందుకున్నాడు. తమ ఆడవాళ్ళను పోగొట్టుకున్న పెద్దలు మొరపెట్టుకున్నాకే అతని మీదికి సైన్యం కదిలింది. శారద కథల్లో పాడే పాపన్న, కల్లు గీసే కులంలో పుట్టి గోలకొండ మీద కన్నేసిన వీరుడు. ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వమే ఆగస్టు 18న ఆయన జయంతి చేస్తోంది. చేయాలి కూడా. మా తాతలాంటి వాళ్ళకు చరిత్రలో తలెత్తుకునే పేరు ఇంకెక్కడుంది? కానీ ఆ కోటలో బందీలుగా ఉన్నవాళ్ళ ఏడుపు కూడా నిజమే.

చుట్టరికం లెక్క కూడా ఒకసారి చూడండి. పాపన్నను చంపింది 1710లో. తరానికి పాతికేళ్ళు వేసుకుంటే పన్నెండు తరాల పైమాటే. పన్నెండో తరంలో మనలో ప్రతి ఒక్కరికీ 4,096 తాతా అవ్వల చోట్లుంటాయి. ఆ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళలో దోచినవాళ్ళ రక్తం ఎవరిదో, దోపిడీకి గురైనవాళ్ళ రక్తం ఎవరిదో ఎవరు విడదీస్తారు? పాపన్న సొంత ఇంట్లోనే ఆ గీత లేదు. మొదట దోచింది కలిగిన ఇంటి అక్కనే అంటారు. అతను చెరలో పెట్టిన ఫౌజుదారు, అంటే మొగలుల సైనికాధికారి, స్వయానా బావమరిది. అన్నం గిన్నెలో ఆకురాయి దాచి పంపి ఆ ఫౌజుదారును తప్పించింది పాపన్న భార్యే.

చివరి ఘట్టం చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఓడిపోయి, గాయంతో, ఒంటరిగా మారువేషంలో హసనాబాద్ చేరి కల్లు అడిగాడట. మాట తీరును బట్టి ఆ కల్లు గీసే ఆయన గుర్తుపట్టాడు. మంచి కల్లు తెస్తాను, కూర్చొమ్మని చెప్పి వెళ్ళి కబురందించాడు. పట్టుకోవడానికి వచ్చింది ఆ బావమరిదే. మా నాయనమ్మ చెప్పిన "పేరు జెప్పుకోలేక పోయినోళ్ళు" పాపన్న వాళ్ళే ఎందుకు కావాలి? పట్టించిన ఆ గౌడు ఇంటివాళ్ళు కూడా ఊళ్ళో తలెత్తుకోలేక వలస పోయి ఉండొచ్చు కదా. గోడవార పెట్టిన ఆ చిప్పెడు కల్లు ఎవరి కోసమో, ఎవరు ఎవరిని క్షమించమని అడుగుతున్నారో నాకు తెలియదు. అందుకే ఆ ప్రశ్నార్థకం తీయించను. పాపన్న పేరూ తీయించను.

కార్యవర్గానికి నా విన్నపం. దసరాకు, బతుకమ్మ ఆడే హాల్లోనే, ఒక మూల రెండు బల్లలు, ఒక రికార్డర్, నిశ్శబ్దంగా ఉండే ఒక గది ఇప్పించండి. వేసవిలో వచ్చి ఆరు నెలలుండే మన అమ్మానాన్నలు, అత్తామామలు అప్పటికి ఇక్కడే ఉంటారు. వాళ్ళను కూర్చోబెట్టి ఊరు, ఇంటిపేరు, విన్నది విన్నట్టు చెప్పించుకుందాం. "అట" అన్నచోట "అట" అనే రాసుకుందాం. సిగ్గుపడే మాటలు కూడా రానిద్దాం.

వరంగల్ కుటుంబానికి ఒక మాట. మిమ్మల్ని నొప్పించాలని మా పిల్ల అనుకోలేదు. మీ ఇంట్లో ఆ ముహర్రం గురించి చెప్పుకునే మాట ఏదైనా మిగిలి ఉంటే దాన్నీ చార్టుగా వేయించి తీసుకురండి. మా చార్టు గరాజులో భద్రంగానే ఉంది. దాని పక్కన అంతే వెడల్పు చోటు వదలమని బోర్డు బిగించేవాళ్ళకు చెబుతానంది మా చిన్నది.