వణికే కారుకు "అలవాటైపోతుంది" అని చెప్పకండి

"సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ కారు కొంటున్నారా? భయపడకండి, ఈ 5 నిజాలు తెలుసుకోండి" అనే వాట్సాప్ మెసేజ్ ఈ నెలలో నాకు నాలుగోసారి వచ్చింది. ఈసారి పంపింది మా బావమరిది. "బావా, ఇది చదివాక ధైర్యం వచ్చింది, రేపే అడ్వాన్స్ ఇచ్చేస్తా" అన్నాడు. నాకు టెన్షన్ మొదలైంది అక్కడే.

"ఆటోమేటిక్‌లన్నీ ఒకటే" అట. కావు. 2014లో సెలెరియోతో మన దగ్గరికి వచ్చిన ఏఎంటీ అసలు మాన్యువల్ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కడం, గేరు మార్చడం మన బదులు యాక్చువేటర్ అనే చిన్న యంత్రం చేస్తుంది, అంతే. క్లచ్ బదులు ద్రవంతో శక్తిని అందించే టార్క్ కన్వర్టర్, విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే సీవీటీ, రెండు క్లచ్‌లుండే డీసీటీ (డ్యుయల్ క్లచ్), వీటిలో దేని జబ్బు దానిదే, దేని బిల్లు దానిదే.

"పల్లంలో న్యూట్రల్‌లో వదిలితే పెట్రోల్ మిగులుతుంది." మిగలదు. గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలితే ఇప్పటి ఇంజన్లు పెట్రోల్ పోయడం ఆపేస్తాయి. న్యూట్రల్‌లో ఐడ్లింగ్‌కైనా తాగుతాయి. పైగా ఘాట్ రోడ్డులో భారమంతా బ్రేకుల మీదే పడుతుంది.

"గేర్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు." ఎవరి జీవితాంతం? మొదటి ఓనర్ అమ్మేసేదాకానా? ఫోక్స్‌వ్యాగన్ వాళ్లు తమ డీసీటీని డీఎస్‌జీ అంటారు; అందులో క్లచ్‌లు ఆయిల్‌లో తడుస్తూ పనిచేసే 6 గేర్ల రకానికి కంపెనీయే 60,000 కిలోమీటర్లకోసారి మార్చమంటుంది. సర్వీస్ బిల్లుల్లో ఆ లైను ఉందో లేదో చూడండి.

ఇక నాలుగోది. "నెమ్మదిగా వెళ్తున్నప్పుడు కాస్త వణుకు సహజం, అది మీ డ్రైవింగ్ వల్లే, అలవాటైపోతుంది." ఈ మాట రాసినవాళ్లకు ఒక కేసు చెప్పాలి. ఫోర్డ్ వాళ్ల పవర్‌షిఫ్ట్ అనే డీసీటీ గేర్‌బాక్స్ ఉన్న ఫియస్టా, ఫోకస్, ఈకోస్పోర్ట్ కార్లు వణుకుతున్నాయని ఆస్ట్రేలియాలో జనం మొత్తుకుంటే, చాలామందికి వచ్చిన జవాబు ఇదే: మీరు నడిపే తీరు వల్ల. 2018లో అక్కడి ఫెడరల్ కోర్టు ఫోర్డ్‌కు కోటి ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. కోర్టులో నిలవని మాటను మనం సలహా అని పంచుకుంటున్నాం! ఆయిల్ తగలకుండా పనిచేయాల్సిన ఆ పొడి క్లచ్‌లలో వణుకుకు ఒక కారణం, ఇన్‌పుట్ షాఫ్ట్ సీలు నుంచి కారిన ఆయిల్ ప్లేట్లకు అంటడం. దానికి ఎవరైనా ఎలా అలవాటు పడతారు? మన దగ్గర కూడా 2017 దాకా వచ్చిన పెట్రోల్ ఆటోమేటిక్ ఈకోస్పోర్ట్‌లో డ్యుయల్ క్లచ్చే ఉండేది, ఆ తర్వాతే టార్క్ కన్వర్టర్ పెట్టారు. ఆ పాత బండ్లు ఇప్పుడు చేతులు మారుతున్నాయి.

నేను మోసపోయింది కూడా ఇలాంటి మాటకే. ఆ కారు పేరు చెప్పను. అమ్మినతను కాలనీ చుట్టూ పది నిమిషాలు తిప్పించాడు, వెన్నలా నడిచింది. వారం తర్వాత ఆఫీసు ట్రాఫిక్‌లో గంట ఈదుకుని వచ్చి అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్‌లో రివర్స్ చేస్తుంటే స్టీరింగు, సీటు, డ్యాష్‌బోర్డు మీద పెట్టిన తాళాలు అన్నీ గలగలమన్నాయి. ఫోన్ చేస్తే "ఆటోమేటిక్ బండ్లు అంతే సార్" అన్నాడు. క్లచ్ సెట్ మార్పించడానికి నా జీతంలో మంచి భాగం పోయింది. క్లచ్ వేడెక్కితేనే బయటపడే జబ్బు పది నిమిషాల్లో ఎలా కనబడుతుంది?

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నడిపే తీరుతో సంబంధం లేదనలేం. ఫ్లైఓవర్ మీద జామ్‌లో బ్రేకు తొక్కకుండా యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడితే ఏఎంటీ, డీసీటీ క్లచ్‌లు మాడిపోతాయి. మొదటి కారులో నేనూ అదే చేశాను. కానీ ఆ తప్పు పాత ఓనర్‌దైతే ఖర్చు కొన్నవాడిదేనా?

"వార్నింగ్ లైట్ వస్తే స్కానర్‌తో క్లియర్ చేయిస్తే చాలు." దయచేసి ఇది ఎవరికీ చెప్పకండి. లోపం ఏమిటో చెప్పే కోడ్ తుడిచేస్తే జ్వరం చూపించే థర్మామీటర్ విసిరేసినట్టే. పొద్దున తుడిపించి మధ్యాహ్నం కారు చూపించేవాళ్లున్నారు. స్కాన్ టెస్ట్ డ్రైవ్ అయ్యాక చేయించాలి, ముందు కాదు.

రేపు అడ్వాన్స్ వద్దన్నాను. ఆదివారం సాయంత్రం ట్రాఫిక్ వేళ నేనూ వెళ్తున్నాను. అరగంట నడిపాక సెల్లార్ ర్యాంప్ ఎక్కించి చూస్తాం. అందుకు ఒప్పుకోకపోతే ఆ కారు వద్దు.